అత్తయ్య రేసు కారు నడిపిన చలికాలం

గత నెలలో ఒక మంగళవారం ఉదయం ఆఫీసు లిఫ్టులో ఉండగా మామయ్య ఫోన్ చేశారు. ఆసుపత్రిలో రాత్రి తోడు ఆయనది, పగలు నాది. ఇంకాసేపట్లో ఆఫీసులో సంతకం పెట్టి నేనే ఆసుపత్రికి బయల్దేరాల్సింది. "అమ్మాయ్, మీ అత్తయ్య వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకున్నాయి. నేను దిగలేదు. ఎవరో బటన్ నొక్కితే మళ్ళీ కిందికి వచ్చేశాను.

వేసవి నుంచీ కాలేయం జబ్బుతో ఉన్నారావిడ. డాక్టర్లు దాచకుండానే చెప్పారు. అయినా విన్నప్పుడు అది తెలిసిన కబురులా అనిపించలేదు.

సాయంత్రానికి నా ఫోను నిండిపోయింది. రాసినవాళ్ళలో తెలుగువాళ్ళు కొందరే. మలయాళీలు, సిరియావాళ్ళు, ఫిలిప్పీన్స్ నర్సులు, ఇద్దరు ముగ్గురు ఇక్కడి ఎమిరాతీ ఆడవాళ్ళు. ఎవరి ఇంగ్లీషులో వాళ్ళు రాసింది ఒకటే మాట: నాకు కారు నేర్పింది ఆవిడే. మా అత్తయ్య దుబాయ్ దగ్గర్లోని అజ్మాన్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పేవారు. యాభై మూడేళ్ళ వయసులో ఒక చలికాలమంతా రేసు కారు కూడా నడిపారు. ఈ రెండో సంగతి చెబితే కొత్తవాళ్ళు నమ్మరు. అందుకే రాస్తున్నాను.

కాకినాడ నుంచి పెళ్ళయిన కొత్తలో వచ్చారు వాళ్ళు. మామయ్యది షిప్పింగ్ కంపెనీలో లెక్కల పని. అత్తయ్య ఇక్కడికి వచ్చాకే స్టీరింగు పట్టుకున్నారు. లైసెన్సు పరీక్ష ఎన్నిసార్లు తప్పారో ఆవిడే నవ్వుతూ చెప్పేవారు, చెప్పిన ప్రతిసారీ అంకె మారేది. చివరికి పరీక్ష పెట్టే ఆవిడే, "నువ్వు ఇన్నిసార్లు తప్పావు కాబట్టి తప్పేవాళ్ళ సంగతి నీకు బాగా తెలుసు, నేర్పడానికి రా" అన్నారట. అలా ఆ ఉద్యోగంలో చేరారు.

నేను కోడలిగా వచ్చిన ఏడాది నాకూ ఆవిడే నేర్పారు. ఒక పెద్ద రౌండబౌట్ దగ్గర ట్రక్కులు ఆగకుండా వస్తుంటే నాకు చేతులు ఆడలేదు. వెనక హారన్లు. నేను స్టీరింగు మీద తలపెట్టి ఏడవడం మొదలుపెట్టాను. అత్తయ్య హజార్డ్ లైట్లు వేసి, సంచీలోంచి జంతికల పొట్లం తీసి, ఒకటి విరిచి నోట్లో వేసుకున్నారు. "కానియ్యమ్మాయ్. ఏడవడం అయ్యాక చెప్పు, వెళ్దాం" అన్నారు. నేను ఏడుస్తూనే నవ్వేశాను. ఆ తర్వాత రౌండబౌట్ ఎలా దాటానో నాకు గుర్తులేదు. దాటాక ఆవిడ నాకో జంతిక ఇచ్చారు.

కరోనా తర్వాత రెండో చలికాలానికి ముందు సంగతి. మరియం అని ఆవిడ దగ్గర నేర్చుకున్న ఎమిరాతీ అమ్మాయి ఉండేది. వాళ్ళన్నకు అజ్మాన్‌లో ఒక గ్యారేజీ, దాంతోపాటు స్టాక్ కార్ రేసుల్లో పాల్గొనే చిన్న జట్టు ఉండేవి. స్టాక్ కార్ అంటే మనం ఇంటికి కొనుక్కునే మామూలు కారే. లోపలి సీట్లన్నీ పీకేసి, ఇనుప గొట్టాల పంజరం బిగించి, డ్రైవరుకు ఒక్క సీటు వదులుతారు. మరియం టీచర్ మీద ప్రేమతో ఒకరోజు దుబాయ్ శివార్లలోని ట్రాక్ మీదికి సరదాగా తీసుకెళ్ళి, ఆ కారు ఇచ్చి నడపమంది. పక్కన నిలబడి చూసిన వాళ్ళన్న, "టీచర్, మీరు చాలా నెమ్మది. కానీ ఒక్కసారి కూడా గీత దాటలేదు. మరియం ఒక్కతే నడుపుతోంది, మాకు రెండో డ్రైవరు లేడు. వస్తారా?" అని అడిగాడట.

ఆదివారం భోజనాల దగ్గర ఈ సంగతి బయటపెట్టారు. పప్పుచారు వడ్డిస్తూ, ఎవరివైపూ చూడకుండా, "రేసులో చేరానండీ" అన్నారు. మా ఆయన పెద్దగా నవ్వారు. తల్లి నవ్వడం లేదని చూసి ఆపేశారు.

"అమ్మా, నీకేవైనా మతి పోయిందా? ఆ వయసుకి అందరూ మోకాళ్ళు చూపించుకుంటుంటే నువ్వు రేసులంటావేంటి?"

"మోకాళ్ళు బాగానే ఉన్నాయిరా. చూపించుకునే వచ్చాను, రేసు లైసెన్సుకి అడిగారు."

మామయ్య అన్నం పూర్తిగా కలుపుకున్నారు. తర్వాత, "ఏ రంగు కారు?" అని అడిగారు.

"చిలకాకుపచ్చ."

"మంచిదే. దూరం నుంచి కనపడుతుంది" అన్నారు. అంతటితో ఆ ఇంట్లో అనుమతి వచ్చినట్టే. కానీ చూడటానికి మాత్రం రానన్నారు. "నా వల్ల కాదు. మీరెళ్ళండి" అన్నారు. అలా ప్రతి రేసుకూ ఆవిడతో వెళ్ళే పని నాదయింది. మామయ్య ఇంట్లో కూర్చుని, మధ్యలో నాకు ఫోన్ చేసి ఒకటే మాట అడిగేవారు: "ఆగిందా?" ఇంకా లేదంటే పెట్టేసేవారు.

మొదటి రేసు పొద్దున ఒక చిక్కు వచ్చింది. ఒంటి మీద నగ ఉండకూడదని నియమం. మంట అంటుకుంటే లోహం ఒంటికి కాలుతుందట. గాజులు, దుద్దులు తీసేశారు. మంగళసూత్రం దగ్గర చెయ్యి ఆగింది. ఫోన్ తీసి మామయ్యకే చేశారు. స్పీకర్లో ఆయన గొంతు నేనూ విన్నాను. "తాడు తీస్తే ఏం కాదే. బెల్టు మాత్రం తియ్యకు." అత్తయ్య నవ్వి, సూత్రాలు తీసి నా గుప్పిట్లో పెట్టారు. ఆ సీజనంతా రేసు నడిచినంతసేపూ నా కుడి చెయ్యి మూసే ఉండేది.

జట్టులో మెకానిక్ భూమన్నది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్‌లోని అల్ వర్సాన్ కార్మికుల క్యాంపులో ఉంటూ గోదాముల్లో పనిచేసి, తర్వాత ఈ గ్యారేజీలో కుదురుకున్నాడు. అతను కారు వెనక పసుపుపచ్చ బోర్డు అంటించాడు. కొత్త డ్రైవరని అందరికీ తెలియడానికి. అది చూసి అత్తయ్య, "ఇన్నేళ్ళు నేర్చుకునేవాళ్ళ బోర్డు నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు నా వీపున అంటించారు" అన్నారు.

ఆ రేసులో ఆవిడ ఆఖరున వచ్చారు. ఆఖరంటే, ముందువాళ్ళు ఒక చుట్టు ఎక్కువ తిరిగి వెనక నుంచి వచ్చి మళ్ళీ ఆవిడను దాటిపోయారు. వెనక ఎవరైనా దగ్గరికొస్తే చాలు, పక్కకు జరిగి, చెయ్యెత్తి పొమ్మనేవారు. దిగగానే భూమన్న తల పట్టుకున్నాడు.

"అమ్మా, గట్ల దారి ఇయ్యద్దమ్మా. గిది రోడ్డు గాదు, పోటీ!"

"వెనకాల పాపం తొందరగా ఉన్నాడు కదయ్యా."

"తొందర గాకుంటె ఏంది? ఆడొచ్చిందే తొందరకు. నువ్వు అడ్డముండాలె!"

"అడ్డం ఉండటమా? ఇన్నేళ్ళూ ఎవరికీ అడ్డం రావద్దని నేర్పాను" అని ఆవిడ నిజంగానే దిగులుపడ్డారు. ఇంటికి వస్తూ దారిలో, ఇండికేటర్ వెయ్యబోతే చేతికి తగల్లేదని, అది పీకేశారని తెలిసి కూడా ప్రతి మలుపులో వెతుక్కున్నానని చెప్పారు.

రెండో రేసులో ఇద్దరిని దాటారు. ఒకతని ఇంజను ఆగిపోయింది, ఇంకొకతను ఇసకలోకి పోయాడు. అయినా దాటడమే కదా అని భూమన్న చాయ్ తాగించాడు. మూడోదానికి వాన పడింది. ఇక్కడ వాన పడితే రోడ్ల మీద నీళ్ళు నిలుస్తాయి, జనం కిటికీల దగ్గరికొచ్చి వీడియోలు తీస్తారు. ఆ రోజు ట్రాక్ మీద కుర్రాళ్ళ కార్లు ఒకటొకటిగా బొంగరాల్లా తిరిగి పక్కకు పోయాయి. అత్తయ్య స్టీరింగును పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, తనదైన నెమ్మదిలో తిరుగుతూనే ఉన్నారు. చివరికి ఆరో స్థానం. మరియం కంటే ముందు. హెల్మెట్ తీశాక నుదుటి బొట్టుబిళ్ళ చెంపకు దిగి ఉంది. "అమ్మాయ్, వీళ్ళకి వాన అలవాటు లేదే!" అని పకపకా నవ్వారు. మొదటి ఏడాది డ్రైవర్లకిచ్చే కొత్తవాళ్ళ కప్పుకు అందరికంటే ముందున్నది ఇద్దరేనని, ఒకరు అత్తయ్య, ఇంకొకరు సామీ అనే జోర్డాన్ కుర్రాడని మరియం వాళ్ళన్న చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు ఆవిడ కళ్ళలో ఒక మెరుపు చూశాను. అది నాకు కొత్త.

నాలుగో రేసులో ఆ మెరుపే ఆవిడను ముంచింది. సామీ కారు ముందుంది. ఒక వంపులో లోపలివైపు కొంచెం జాగా కనపడింది. అత్తయ్య అందులోకి దూరారు. ఆకుపచ్చ కారు ముక్కు సామీ కారు పక్కకు తగిలింది. అతని కారు తిరిగి వెళ్ళి టైర్ల గోడకు కొట్టుకుంది. ఫోన్ మోగింది. మామయ్య. "ఆగిందా?" అన్నారు. నేను "ఆగింది మామయ్యా" అని ఫోన్ పెట్టేశాను.

సామీ ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. ఆ రేసులో అత్తయ్య ఫలితాన్ని నిర్వాహకులు కొట్టేశారు. తర్వాతి రేసు అందరి వెనక నుంచీ మొదలుపెట్టాలన్నారు. ఆవిడ ఏమీ వాదించలేదు. బట్టలైనా మార్చుకోకుండా నాతో ఆసుపత్రికి వచ్చారు. మంచం పక్కన సామీ వాళ్ళమ్మ ఉన్నారు. ఆవిడ అత్తయ్యను పైనుంచి కిందిదాకా చూసి, "నువ్వు పదిమందికి కారు నేర్పే మనిషివట కదా?" అన్నారు.

"అవును. తప్పు నాది. అది చెప్పడానికే వచ్చాను" అన్నారు అత్తయ్య. క్షమించమని కూడా అడగలేదు. చెప్పి వచ్చేశారు.

ఇంటికెళ్ళే దారిలో, "పొరపాటున తగిలింది కదత్తయ్యా" అన్నాను ఓదార్పుగా.

"లేదమ్మాయ్. పొరపాటు వేరు, తప్పు వేరు. అక్కడ జాగా లేదని నాకు తెలుసు. తెలిసే దూర్చాను."

మా ఆయన ఆ రాత్రి తల్లితో, "ఇంక చాలమ్మా. వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోంది. పరువు పోయింది" అన్నారు. "పరువు సంగతి తర్వాత చూసుకుందాంరా. పిల్లాడి చెయ్యి విరిగింది" అని ఆవిడ గదిలోకి వెళ్ళిపోయారు. మరియంకు ఫోన్ చేసి, "ఖలాస్, ఇక నేను రాను" అని చెప్పేశారు.

ఆ వారమే స్కూలు ముదీర్, అంటే మేనేజరు, పిలిచాడు. సూడాన్ పెద్దమనిషి, మంచివాడే. ఆయనా వీడియో చూశాడు. "టీచర్, నేర్పే మనిషే గుద్దితే ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? రేసో, స్కూలో ఒకటి తేల్చుకోండి" అన్నాడట. వచ్చి ఆ సంగతి చెబుతూ అత్తయ్య, "మానేద్దామనే ఉన్నానే. ఆయన మానెయ్యమన్నాక మానబుద్ధి కావటం లేదు" అన్నారు. మామయ్య పేపరు చాటున నవ్వుకున్నారు.

కానీ ఆవిడను మళ్ళీ కారెక్కించింది సామీ. ఆ తర్వాత రోజుల్లో అత్తయ్య వీలైనప్పుడల్లా వాళ్ళింటికి వెళ్ళేవారు. మొదట్లో వాళ్ళమ్మ తలుపు తీసేది. అత్తయ్య తెచ్చిన పులిహోర డబ్బా తీసుకుని లోపల పెట్టేది, అంతే. ఒకరోజు పక్కన నేనూ ఉన్నాను. సామీ కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని అన్నాడు. "ఆఖరి రేసుకు నేను రాలేను. మీరూ రానంటే ఎలా టీచర్? రండి. వచ్చి ఒక్కరినైనా సరిగ్గా దాటండి. అది నేను చూడాలి."

అత్తయ్య మర్నాడు ముదీర్ దగ్గరికి వెళ్ళారు. "సార్, తప్పు చేసినవాళ్ళను మన స్కూల్లో వెళ్ళగొట్టం. మళ్ళీ నడపమంటాం. నన్నూ ఒక్కసారి నడపనివ్వండి" అని అడిగారు. ఆయన, "ఎవరి కారుకైనా ఒక్క గీత పడిందా, ఖలాస్. సోమవారం రావద్దు" అన్నాడు. సరేనని వచ్చేశారు. ఆ ఉద్యోగం ఆవిడకు ఎంత ఇష్టమో తెలిసిన నాకు మాత్రం భయమేసింది.

ఆఖరి రేసుకు మామయ్య వచ్చారు. ఎవరూ అడగలేదు. పొద్దున్నే తలకు టోపీ పెట్టుకుని, షూ లేసులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. అత్తయ్య ఆయన్ని చూసి, "నీళ్ళ సీసా తీసుకోండి, ఎండగా ఉంటుంది" అన్నారు, రోజూ వెళ్ళే చోటికే వెళ్తున్నట్టు.

ట్రాక్ గోడ దగ్గర నేను, మామయ్య, భూమన్న నిలబడ్డాం. సామీ వాళ్ళమ్మతో కలిసి వచ్చాడు. డ్రైవరుకు స్థానం చూపించే పలక తానే పట్టుకుంటానని, మంచి చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. జెండా ఊపగానే కార్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. మామయ్య కళ్ళు మూసుకున్నారు. "ఎక్కడుందమ్మా?" "వెనకే ఉన్నారు మామయ్యా." "మంచిది."

ఈసారి అత్తయ్య ఎవరికీ దారి ఇవ్వలేదు. అలాగని ఎవరిమీదికీ పోలేదు. ఒకరు బ్రేకు ఆలస్యంగా వేసి బయటికి పోతే, లోపలి నుంచి వెళ్ళిపోయారు. మరొకరిని నేరుగా ఉన్న దారిలో దాటారు. మామయ్య కళ్ళు తెరిచారు. తర్వాత ఒక తెల్లకారు వెనక ఇరుక్కున్నారు. చుట్టు తర్వాత చుట్టు అదే వరస. సామీని గుద్దిన వంపు వచ్చిన ప్రతిసారీ మామయ్య నా భుజం పట్టుకునేవారు.

ఇంక కొద్ది చుట్లే ఉన్నాయనగా ఆ వంపులోనే తెల్లకారు కాస్త బయటివైపుకు జరిగింది. లోపల జాగా కనపడింది, ఆరోజు కనపడ్డంతే.

"ఒద్దమ్మా, ఒద్దు, ఆగు" అని భూమన్న గొణిగాడు. సామీ పలక దించేసి గోడ మీదికి వంగాడు.

ఆకుపచ్చ కారు ఆగింది. దూరలేదు. తెల్లకారు వెనకే వంపు తిరిగి, కొంచెం బయటివైపు నుంచి వచ్చి, అవతలివాడి కంటే ముందే వేగం అందుకుంది. నేరుగా ఉన్న దారిలో రెండూ పక్కపక్కన మా ముందు నుంచి వెళ్ళాయి. వాటి మధ్య పగటి వెలుతురు స్పష్టంగా కనపడుతోంది. తర్వాతి మలుపుకు ఆకుపచ్చది ముందుంది. సామీ సంతోషంలో కట్టు కట్టిన చేత్తోనే గోడను గుద్ది, "యా ఉమ్మీ!" అని వాళ్ళ భాషలో అమ్మను పిలిచి అరిచాడు. వాళ్ళమ్మ అతని చెయ్యి పట్టుకుని తిట్టడం మొదలుపెట్టింది. మామయ్య మాత్రం, "దాటిందా? మనదే కదా దాటింది?" అని భూమన్నను పదేపదే అడుగుతున్నారు. "మనదే సార్, మనమ్మే" అని అతను కళ్ళు తుడుచుకున్నాడు.

తొమ్మిదో స్థానం. కప్పు ఇంకెవరికో వెళ్ళింది. అత్తయ్య దిగి హెల్మెట్ తీసి అడిగిన మొదటి మాట, "ఎవరికీ తగల్లేదు కదా?" సామీ వాళ్ళమ్మ దగ్గరికొచ్చి, అత్తయ్య ముఖానికి అతుక్కున్న తడి జుట్టు వేళ్ళతో వెనక్కి తీసింది. మామయ్య నీళ్ళ సీసా మూత తీసి అందించారు.

సోమవారం స్కూలుకు వెళ్తే ముదీర్ తలెత్తకుండానే, "గీత?" అని అడిగాడట. "లేదు సార్." ఆయన కారు తాళం బల్ల మీద ముందుకు తోసి, "యల్లా, బయల్దేరండి, మీ స్టూడెంట్ ఎదురుచూస్తోంది" అన్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చినప్పుడు మరియం ఎంత బతిమాలినా ఆవిడ వెళ్ళలేదు. నేను ఎందుకని అడిగాను. "ఇన్నేళ్ళు నేర్పీ నేర్పీ, నేర్చుకోవడమంటే ఎంత భయమో మర్చిపోయానమ్మాయ్. ఆ చలికాలంలో గుర్తొచ్చింది. అది చాలు" అన్నారు. నిజంగానే ఆ తర్వాత ఆవిడ పక్కన కూర్చున్న ఏ ఆడమనిషికీ భయపడకు అని చెప్పలేదు. "భయపడుతూనే తిప్పు, ఏం కాదు" అనేవారు. దహనం రోజున వచ్చిన ఒక మలయాళీ నర్సు ఆ మాటే నాకు మళ్ళీ చెప్పి ఏడ్చింది.

ఆవిడతో నా చివరి ప్రయాణం ఈ సెప్టెంబరులో. ఆసుపత్రిలో చేరక ముందు, సముద్రం చూడాలనిపిస్తోందంటే కొండల అవతలి తీరాన ఉన్న ఖోర్ ఫక్కాన్ తీసుకెళ్ళాను. మామయ్య వెనక సీట్లో, ఆవిడ నా పక్కన. మా ఇంట్లో ఎవరు నడిపినా అత్తయ్య కారులో నిద్రపోయేవారు కాదు. విమానం దిగి ఎంత అలసిపోయి వచ్చినా, కళ్ళు రోడ్డు మీదే ఉండేవి. ఆ రోజు కొండల మధ్య మొదటి సొరంగం దాటి వెలుగులోకి వచ్చాక పక్కకు చూశాను. ఆవిడ తల కిటికీ వైపు వాలి ఉంది. కళ్ళు మూసుకున్నారు, నోరు కొంచెం తెరుచుకుంది, చేతులు ఒళ్ళో వదులుగా పడి ఉన్నాయి. అద్దంలో మామయ్య నన్ను చూసి, మాట్లాడొద్దన్నట్టు వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. ఊరు వచ్చింది. కారు ఆపితే లేస్తారని, ఆపలేదు. సముద్రం పక్కన రోడ్డు ఎంతవరకు ఉంటే అంతవరకు, మెల్లగా, నడుపుతూనే ఉన్నాను.